ఒకసారి లాగితే

తాడు ఒకసారి లాగింది. శ్రీదుర్గ తన చేతిలో ఉన్న కొసను ఒకసారి లాగి బదులిచ్చింది. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే ఇక చాలు, ఒడ్డుకు లాగేయమని. మేడమ్‌కూ తనకూ మధ్య ఒప్పందం అంతే. ఆవిడది ఇటలీ, తనది నరసాపురం అవతల పల్లెటూరు. ఆవిడకు తెలిసిన తెలుగు నాలుగు ముక్కలు, తనకు తెలిసిన ఇంగ్లీషు అంతకు కాస్త ఎక్కువ, మిగిలిందంతా చేతులూ కళ్ళూ చెప్పుకోవాల్సిందే. చేతులూ కళ్ళూ అందనంత దూరం వెళ్ళినప్పుడు ఈ తాడు. బహ్రెయిన్ పడమటి ఒడ్డున ఈ జల్లాఖ్‌లో ఈ వేళకి పొద్దు సరిగ్గా సముద్రం మీదికే దిగుతుంది. చింతపండు వేసి తోమిన ఇత్తడి పళ్ళేన్ని ఎండలో పెట్టినట్టు నీళ్ళన్నీ ఒకటే మెరుపు. అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసినా ఆవిడ ఎర్ర ఈత టోపీ కంటికి ఆనడం లేదు. ఆ మెరుపు మధ్యలో ఎప్పుడో ఎవరో వదిలేసిన చేపల దడి కర్రలు మాత్రం నల్లగా, విరిగిన దువ్వెన పళ్ళలా కనిపిస్తున్నాయి. టోపీ కనిపించకపోతే ఏంలే, తాడుంది. తాడు చేతిలో ఉన్నంతసేపూ మనిషి చేతిలో ఉన్నట్టే.

నీలం రంగు నైలాన్ తాడు, ఉప్పు పట్టి గరుకెక్కింది. మొదట్లో దీన్ని చూస్తే నవ్వొచ్చేది. రెంజో సారే కొనుక్కొచ్చారు, మేడమ్ భర్త. పక్క విల్లాలో ఉండే ముసలాయన ఈ ఊరివాడే. ఆయన తాత ముత్యాల కోసం మునిగేవాడట. నడుముకు తాడు కట్టుకుని మునిగితే పైన పడవలో ఇంకొకడు కొస పట్టుకుని కూర్చునేవాడట. కిందివాడి ప్రాణం పైవాడి అరచేతిలో ఉండేదట. ఆ కథ విన్నప్పటి నుంచి మేడమ్‌కు తాడు మీద మనసు పడింది. చేతులు వణకడం మొదలై అప్పటికి రెండో ఏడు. అప్పుడు కొస పట్టుకునేది సారే. మొదటిసారి శ్రీదుర్గ పట్టుకున్న రోజున తోటకు నీళ్ళు పెట్టే లింబాద్రి గొట్టం అలాగే వదిలేసి గోడ మీద నుంచి తొంగిచూశాడు. జగిత్యాల వైపు మనిషి, నువైద్రాత్‌లో కూలీల క్యాంపులో ఉంటాడు, రోజూ కంపెనీ బస్సులో వచ్చి ఈ వరుస విల్లాల చెట్లన్నీ చూసి పోతాడు, నోరు ఊరుకోదు. “ఏందక్కా, మేడమ్‌ను బర్రెను కట్టేసినట్టు కట్టేసినవ్? గడ్డి గూడ ఏస్తవా ఏంది?” “నీ నోరు పడిపోనూ, ఆవిడ వింటారు.” “ఇంటే ఏమైతది? బర్రె అంటే ఆమెకు ఏం తెల్సు?” మేడమ్ నీళ్ళలోంచి లేచి ఏమంటున్నాడని సైగ చేసింది. ఏం చెప్పాలో తెలియక శ్రీదుర్గ రెండు వేళ్ళు తల మీద కొమ్ముల్లా పెట్టి చూపించింది. ఆవిడ నడుముకున్న తాడును చూసుకుంది, లింబాద్రిని చూసింది, మొహం పైకెత్తి గట్టిగా అంబా అని అరిచింది. లింబాద్రి సిగ్గుపడి ఖర్జూరం చెట్టు చాటుకు పోయాడు. అంతగా నవ్వడం ఆవిడకు అదే ఆఖరేమో. లేదు, ఇంకోసారి కూడా నవ్వింది, ముడి వచ్చిన రోజున.

తాడు లాగింది. శ్రీదుర్గ లాగింది. బాగున్నారు.

బాగుండాలి, ఇవాళ ఒక్కరోజు. ఎల్లుండి విమానం. సామాను సగం పెట్టెల్లోకి పోయింది, గోడల మీద పటాలుండే చోట తెల్లటి చతురస్రాలు మిగిలాయి. సార్ కాగితాల పని మీద మనామా వెళ్ళారు, చీకటి పడితే గాని రారు. వెళ్తూ వెళ్తూ కూడా వేలు చూపించి చెప్పారు, నో వాటర్ దుర్గా, బాత్‌రూమ్ ఓన్లీ. ఆ మాట ఆయన ఈ వేసవిలో ఎన్నిసార్లు అని ఉంటారో. విల్లా వెనక నీళ్ళ కొలనులో మేడమ్ మునిగిపోయిన రోజు నుంచి అదే మాట. ఎంతమందికో ఈత నేర్పిన మనిషి, ఇటలీలో ఒకప్పుడు బిస్కెట్ల డబ్బాల మీద ఈవిడ బొమ్మ వేసేవారట, ఆ మనిషి తన ఇంటి కొలనులో, నిలబడితే భుజాలు కూడా తడవని నీళ్ళలో, చేతులు ఎటు వెయ్యాలో మరిచిపోయి రాయిలా దిగిపోయింది. అరుపు లేదు, చప్పుడు లేదు. బట్టలు ఆరేస్తున్న శ్రీదుర్గ అటు తిరిగేసరికి నీళ్ళ అడుగున ఆవిడ వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది, కళ్ళు తెరిచి, ఆశ్చర్యపోతున్నట్టు. దుర్గ ఉన్నపళంగా దిగి జుట్టు పట్టుకుని లాగింది. మర్నాడే సార్ కొలను ఖాళీ చేయించారు. ఇప్పుడా నీలం గొయ్యిలో ఇసుక చేరింది, మూలన ఎండు మట్టలు, పావురాలు. వంటింటి కిటికీలోంచి మేడమ్ రోజూ దాన్ని చూస్తుంది. చచ్చిన పశువును ఇంకా పెరట్లోంచి తీయనట్టుగా ఉంటుంది దుర్గకు.

అప్పుడు ఒట్టు వేసింది, తల మీద చెయ్యి పెట్టుకుని మరీ. నీళ్ళలోకి దిగనివ్వనండీ, అని. మరి ఎందుకు దిగనిచ్చావంటే ఏం చెబుతుంది. సార్‌కు మణికుమార్ ఎవరో తెలియదు. మణికుమార్ తన మొగుడు, వరసకు మేనమామ కొడుకు, కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు, ఓ వానాకాలం జారిపడి నడుము విరిగి మంచాన పడ్డాడు. పడుకున్న మనిషికి సిమెంటు రేకుల కప్పు తప్ప ఇంకేమీ కనపడదు. “ఒక్కసారి కాలవగట్టు దాకా తీసుకెళ్ళవే” అనేవాడు. “డాక్టరు గారు కదపొద్దన్నారు కద బావా.” “కదిపితే ఏమవుద్ది, చస్తానా? ఇక్కడ మాత్రం ఏం చేత్తన్నాను?” తీసుకెళ్ళలేదు. మంచం నాలుగు వైపులా నలుగురు పట్టుకుంటే అయిపోయే పని. చెప్పినట్టు వినే పిల్లలా డాక్టరు మాట పట్టుకుని రేకుల కిందే ఉంచింది. పోయేరోజున ఊపిరి ఆయాసం లేకుండా, ఒకే తీరుగా, తూచినట్టు ఆడుతుంటే నెమ్మదించిందనుకుని బియ్యం కడగడానికి వెళ్ళింది. వచ్చేసరికి లేడు. ఆ తర్వాతే బహ్రెయిన్, ఏజెంటు, ముందు ఒక ఇల్లు, ఆ ఇంటి యజమాని, కఫీల్, విడుదల చేశాక ఈ ఇల్లు. సార్‌కు ఒట్టు వేశాక మేడమ్ మొదటిసారి తన చెంప మీద చెయ్యి వేసి, “దుర్గా, పద” అన్నప్పుడు, సముద్రం వైపు చూపిస్తూ తన దగ్గరే నేర్చుకున్న తెలుగులో “పద, పద” అన్నప్పుడు, దుర్గకు కాలవగట్టు కనిపించింది. పదండి, అనేసింది. అప్పటి నుంచి సార్ ఆలస్యంగా వచ్చే రోజులన్నీ ఇద్దరిదీ దొంగతనమే. తడిసిన ఈతబట్టలు దుర్గ తన గదిలో మంచం కింద ఆరేసేది.

సార్ తన ఫోన్‌లో బొమ్మ చూపించారు మొన్న, ఇటలీలో ఆవిడను పెట్టబోయే ఇంటిది. నడవలేని వాళ్ళను, వణికే వాళ్ళను చూసుకునే ఇల్లు, కొండల కింద. తెల్లటి మంచం, మంచానికి రెండు వైపులా ఇనప కమ్మీలు, కిటికీలో మంచు. మేడమ్ ఫోన్‌ను అటు తిప్పింది, ఇటు తిప్పింది. “నీళ్ళు?” అంది తెలుగులోనే, సార్‌కు అర్థం కాదని మరిచిపోయి. వాటర్ అంటున్నారండీ అంది దుర్గ. సార్ వేలితో ఇంకో బొమ్మ జరిపారు, స్నానాల గది, గోడకు బిగించిన ప్లాస్టిక్ కుర్చీ, దాని పైన షవరు. మేడమ్ తలూపింది. చాలాసేపు ఊపింది, అది తలూపడమో వణుకో ఇద్దరికీ తెలియలేదు. దుర్గ సంగతీ తేలిపోయింది, ఆవిడ వెళ్ళగానే హిద్‌లో ఒక ఇంటికి, ఆ ఇంట్లో పిల్లలెందరో ఏజెంటు కూడా సరిగా చెప్పలేదు. ఖలాస్ అన్నాడు, అయిపోయినట్టే అన్నాడు. అవును, అయిపోయినట్టే.

తాడు లాగింది. అలసి దడి కర్ర పట్టుకుని నిలబడ్డారేమో. అక్కడే ఆగడం ఆవిడకు అలవాటు. తాడు పొడవూ సరిగ్గా అక్కడికే. దడి దాకా ఇసుక మేట, పోటు లేనప్పుడు ఛాతీ లోతు. దాని అవతల నీళ్ళ రంగే మారిపోతుంది, ముదురు. ఆ కర్రనే గోడ అనేది మేడమ్. గోడ అన్న మాట కూడా దుర్గే నేర్పింది. ఇంట్లో నడిపించేటప్పుడు, గోడ పట్టుకోండి, గోడ, గోడ అని అరిచి అరిచి నేర్పింది. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ మొహంలో ఏదో కదిలేది. ఒకరోజు కూర్చోబెట్టి కథంతా చెప్పింది, ఫోన్‌లో పాత వీడియో పెట్టి, చేతుల్తో, బొమ్మలు గీసి. ఆవిడది వెల్లకిల ఈత. మిగతా వాళ్ళు ముందుకు చూస్తూ ఈదుతారు, ఈవిడ ఆకాశం చూస్తూ, వదిలేసి వచ్చిన ఒడ్డును చూస్తూ, ఎటు పోతున్నదో చూడకుండా పోతుంది. గోడ ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుందమ్మా అంటే, కొలను మీద అడ్డంగా చిన్న చిన్న జెండాలు కడతారని చూపించింది. అచ్చం పెళ్ళిపందిట్లో రంగు కాగితాల తోరణంలా. ఆ తోరణం నెత్తి మీదికి రాగానే ఎన్నిసార్లు చెయ్యి వేశామో లెక్కపెట్టుకోవాలట. లెక్క అయిపోగానే చెయ్యి వెనక్కి చాపితే గోడ అక్కడ ఉంటుంది. ఉండి తీరాలి. చిన్నప్పటి నుంచీ అదే లెక్క. వాళ్ళ నాన్న రొట్టెల బండివాడు, తెల్లారగట్ట రొట్టెలు వేసుకుని బయల్దేరి, తాళం తియ్యని ఈతకొలను మెట్ల మీద ఈవిడను దింపి పోయేవాడట, చేతిలో వేడి రొట్టె పెట్టి. రొట్టె వాసన, మందునీళ్ళ వాసన, ఆ రెండూ కలిస్తేనే తన చిన్నతనం అనేది. ఆ మందుకు జుట్టు ఆకుపచ్చగా తిరిగితే బళ్ళో పిల్లలు కప్ప, కప్ప అని ఏడిపించేవాళ్ళట. ఆ కప్పే పెద్దయ్యాక యూరప్ మొత్తానికీ మొదటిదైంది. పేపర్లలో బొమ్మలు, వాళ్ళ ఊళ్ళో ఒక వీధిలో బ్యాండు మేళం, తండ్రి రొట్టెల బండి మీద నిలబెట్టి ఊరేగించారట. పతకాలన్నీ చెప్పుల పెట్టెలో పడేసి ఉంటాయి, వంటింటి అటక మీద. దుమ్ము దులిపేటప్పుడు దుర్గ ఒకటి మెళ్ళో వేసుకుని చూసుకుంది ఒకసారి. చాలా బరువు.

అయినా ఆ వీడియో మాత్రం ఆ గెలుపులది కాదు. ప్రపంచమంతా చూసే పెద్ద పోటీ, ఆరుబయట కొలను, గాలి. ఈవిడ అందరికన్నా ముందుంది, అది దుర్గకు కూడా తెలుస్తూనే ఉంది. తోరణం దాటింది. లెక్కపెట్టింది. చెయ్యి వెనక్కి చాపింది. గోడ అక్కడ లేదు. అరచెయ్యంత దూరంలో ఆగిపోయింది గోడ. ఎదురుగాలికి కాస్త నెమ్మదించిందో, లెక్కలో ఒక చెయ్యి ముందే ఆగిపోయిందో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆవిడకు తెలియదు. చాపిన చెయ్యితో అలా జారుకుంటూ వెళ్ళేలోగా పక్క వరుసలో పిల్ల గోడను కొట్టేసింది. మేడమ్ బొమ్మను అక్కడ ఆపింది. నీళ్ళలో ఒక చెయ్యి, వెనక్కి, వేళ్ళు విప్పి, ఖాళీలో. దాని తర్వాత ఏం జరుగుతుందో చూపించింది మళ్ళీ. గోడ ముట్టుకున్నాక ఎవ్వరూ వెంటనే నవ్వరు, ఏడవరు. గోడ పట్టుకుని తల వెనక్కి తిప్పి పైనున్న బోర్డు చూస్తారు. చూసేదాకా ఎవరికీ ఏమీ తెలియదు. ఆ తల తిప్పే క్షణం ఉంది చూడు, అన్నట్టు వేలు పెట్టి చూపించింది, అందరి మొహాలూ ఒక్కలాగే ఉంటాయి. తర్వాత భుజం ఎముక అరిగి కోత పెట్టారు, తర్వాత టీవీలో ఈత పోటీల గురించి చెప్పింది, తర్వాత పెళ్ళి, పిల్లల్లేరు, తర్వాత సార్ ఉద్యోగం వెంట ఇక్కడికి. ఇక్కడి క్లబ్బులో పిల్లలకు ఈత నేర్పింది చాన్నాళ్ళు. ఒకనాడు చేతిలో స్టాప్‌వాచ్ కదులుతుంటే గడియారం చెడిపోయిందనుకుందట. ఇంకోటి కొనుక్కుంది. అదీ వణికింది.

తాడు. లాగింది, లాగింది దుర్గ కూడా. మెరుపు కాస్త ఎర్రబడింది, ఇత్తడి పోయి రాగి అవుతోంది. థర్మాస్‌లో టీ చల్లారుతుందేమో. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది, రాగానే తల మీద కప్పాలి, ముందు తల, తర్వాత భుజాలు, అప్పుడు కుడిచెయ్యి తన భుజం మీద వేయించుకుని మెట్లు. మెట్ల దగ్గర ఆవిడ పాదాలు నేలకు అంటుకుపోతాయి, ఒక్క అడుగు పడదు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అప్పుడు దుర్గ కాలు అడ్డం పెట్టాలి, ఆ కాలును దాటమంటే దాటుతుంది, చదును నేల మీద నడవలేని మనిషి అడ్డం ఉంటే దాటుతుంది, అదేం జబ్బో. నీళ్ళలో మాత్రం వణుకుండదు. దిగిన క్షణంలో చేతులు నెమ్మదిస్తాయి, పాలు పొంగు దిగినట్టు. ఇవాళ కూడా అంతే. నడుముదాకా దిగాక వెనక్కి తిరిగి దుర్గ వైపే చూస్తూ వెల్లకిలా వాలింది. అదే ఈ ఈతలో విచిత్రం, పోతున్న మనిషి పోయినంతసేపూ మన మొహమే చూస్తుంది. చెయ్యి లేపుతూ, దింపుతూ, చిన్నదవుతూ, ఆ మెరుపులో కలిసిపోయేదాకా దుర్గనే చూసింది. దుర్గ చెయ్యి ఊపింది. ఆవిడ ఊపలేదు, ఈత మధ్యలో చెయ్యి ఊపరు. దిగేముందు మాత్రం దుర్గ రెండు చేతులూ పట్టుకుని, “దుర్గా, చాలు” అంది. ఇంకా దిగనే లేదు కదండీ, చాలంటారేంటి, అని నవ్వింది దుర్గ. ఆవిడకు చాలు అన్న మాట ఎప్పుడు వాడాలో ఎప్పుడూ తెలియదు. అన్నం వడ్డించకముందే చాలు అంటుంది, థాంక్స్ అనబోయి కూడా చాలు అంటుంది. థాంక్స్ అనే అని ఉంటుంది.

ఆ ముడి సంగతి. బర్రెను రాటకు కట్టే ముడి, దుర్గకు చిన్నప్పటి నుంచీ చేతికి వచ్చిన ముడి. ఎంత గుంజుకుంటే అంత బిగుస్తుంది, చిన్న కొస పట్టుకుని లాగితే మాత్రం ఒక్క విసురులో విడిపోతుంది. పాలు పితికాక దూడను వదలడానికి వీలుగా అలా కడతారు. దుర్గ రోజూ మేడమ్ నడుముకు బట్ట పటకా చుట్టి దాని మీద అదే ముడి వేసేది. రెండు మూడు వారాల కిందట ఆవిడ తనకూ నేర్పమంది. ఫిజియోథెరపీ పిల్ల కూడా వేళ్ళతో ఏదో ఒక పని చేయించమని చెప్పి ఉంది, బఠాణీలు ఏరించమని, బొత్తాలు పెట్టించమని. బఠాణీలు ఇల్లంతా ఒలికేవి, ఆవిడ గిన్నె విసిరేసేది. ముడి మాత్రం ఇష్టంగా కూర్చుంది. భోజనాల బల్ల దగ్గర, కుర్చీ కాలుకు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. తాడు ఒకలా పోనిస్తే వేళ్ళు ఇంకోలా పోయేవి. దుర్గ వెనక నిలబడి ఆవిడ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి నడిపించేది, ఇలా చుట్టండి, కింద నుంచి తీసుకోండి, ఇదిగో ఈ మడత ఇందులోకి, అమ్మయ్య. సార్ చూసి వెరీ గుడ్ అన్నారు, కంటి చివర తడి తుడుచుకున్నారు. ఓరోజు మధ్యాహ్నం ముడి పడింది. మేడమ్ కుర్చీని గుంజి చూసింది, బిగిసింది. చిన్న కొస లాగింది, విడిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పింది. రెండు చేతులూ పైకెత్తి, గెలిచిన రోజుల్లో ఎత్తినట్టు, నవ్వింది. పరీక్ష పాసయ్యారండీ, మీరిక మా ఊళ్ళో పశువుల్ని చూసుకోవచ్చు, అంది దుర్గ. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా దుర్గ చెంపలు రెండూ ముద్దు పెట్టుకుంది. అంత సంతోషం ఆ ఇంట్లో దుర్గ చూసి ఎంతకాలమైందో. ఆ రాత్రి తన ఆడపడుచు నరసాయమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. “మీ తెల్లదొరసాని గేదెను కట్టడం నేర్చిందా? ఎందుకంట ఆవిడకి?” అంది నరసాయమ్మ. “చేతులకి మంచిదంట వదినా.” చేతులకి మంచిదంట.

తాడు లాగింది.

లాగింది, కానీ. శ్రీదుర్గ బదులివ్వబోయి ఆగింది. ఏం కానీ. ఏమీ లేదు. మళ్ళీ లాగింది తాడు, తను బదులివ్వకుండానే. మళ్ళీ. ఇంతకుముందు మేడమ్ లాగడం తనకు తెలియదా? విసురుగా ఒకటి లాగి చాలాసేపు మరిచిపోతుంది, అలిసినప్పుడు నీరసంగా, కోపంలో ఉంటే చెయ్యి గుంజేసేంత గట్టిగా. ఒకసారి చేప కాలికి తగిలి ఉలిక్కిపడి లాగితే దుర్గ కుర్చీలోంచి ముందుకు పడింది. ఇవాళ్టి లాగుడులో కోపం లేదు, ఉలికిపాటు లేదు, అలుపు లేదు. ఒకే తీరు. తూచినట్టు. ఎప్పటి నుంచి ఇలా ఉంది? తను మణికుమార్‌ను తలుచుకుంటున్నప్పటి నుంచా, అంతకుముందా? ఆటుకు వెనక్కి తీస్తున్న నీళ్ళు ఒకసారి తాడును సాగదీసి వదులుతున్నాయి, మళ్ళీ సాగదీసి వదులుతున్నాయి. తను బాగున్నారు, బాగున్నారు అనుకుంటూ ఇంతసేపూ సముద్రానికి బదులిస్తూ కూర్చుంది. గబగబా రెండుసార్లు లాగింది. ఒడ్డుకు రండి. తాడు బిగిసింది, అటు నుంచి ఏదో గట్టిగా పట్టి ఉంది, లాగితే రాదు, వదలదు. మనిషైతే ఇంత లాగితే కొంచెమైనా కదలదూ?

“మేడమ్ గారండీ!” లేచి నిలబడి పిలిచింది. మళ్ళీ పిలిచింది. వెనక గోడవతల నీళ్ళ గొట్టం ఆగిన చప్పుడు, లింబాద్రి వచ్చాడు, చెప్పులు చేతిలో పట్టుకుని, క్యాంపు బస్సుకు పోబోతూ. “ఏందక్కా, ఇంకా రాలేదా మేడమ్? పొద్దుగూకుతుంది. సార్ చూసిండంటే నీ పని ఖతమ్.” అన్నాక ఆమె మొహం చూశాడు. “ఏమైందక్కా?” “ఇది పట్టుకో. వదలకు. నా ఫోన్ కుర్చీలో ఉంది, సార్‌కి చెయ్యి.” “నువ్వు ఏడికి? నీకు ఈత రాదు గద! అక్కా, నాకూ రాదు, వద్దక్కా, ఆగు జర…” అతని మాటలు వెనకబడిపోయాయి. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, మోకాళ్ళు, తొడలు, చుడీదారు గాలి నింపుకుని బుడగలా లేచి కాళ్ళకు చుట్టుకుంది. చున్నీ ఎక్కడో పోయింది. తాడును గుప్పిట్లోంచి జార్చుకుంటూ నడిచింది, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు. గోడ పట్టుకోండి, గోడ, గోడ. నడుము. ఛాతీ. ఇసుక ఇంకా అందుతూనే ఉంది. కర్ర పట్టుకుని ఉంటారు, పాదాలు అంటుకుపోయి ఉంటాయి, మెట్ల దగ్గర లాగే, అంతే, కాలు అడ్డం పెడితే దాటేస్తారు. నాకు కోపమేం లేదు మేడమ్ గారూ. సార్‌కు నేను చెప్పుకుంటాను. మీ ఎర్ర టోపీ ఒక్కసారి కనపడనివ్వండి. పొద్దు నీళ్ళను తాకి కిందికి దిగిపోతోంది, మెరుపు మెల్లగా ఆరిపోతోంది, ఇందాకటి నుంచి కళ్ళు పొడిచిన వెలుతురంతా తప్పుకుని సముద్రం ఉన్నది ఉన్నట్టు, బూడిద రంగులో, చదునుగా కనిపించడం మొదలుపెట్టింది. ఎక్కడా ఎరుపు లేదు.

చెయ్యి ముందుకు చాపింది. కర్ర తగిలింది. నత్తలు పట్టి గరుకుగా, చల్లగా. దాని చుట్టూ నీలం తాడు. బర్రెను రాటకు కట్టే ముడి. కింద నుంచి తీసుకుని, మడత లోపలికి పోనిచ్చి, చిన్న కొసను పైకి, తను చెప్పినట్టే పైకి, చక్కగా వదిలి పెట్టిన ముడి. ఎక్కడా తడబాటు లేదు, ఒక్క చుట్టు వదులు లేదు. నీళ్ళలో చేతులు వణకవు కదా. ఆ పక్కనే కర్ర పైకొసకు బట్ట పటకా, జారిపోకుండా రెండు చుట్లు తిప్పి ఉంది. దాని అవతల నీళ్ళు ముదురు.

శ్రీదుర్గ రెండు చేతులా కర్రను పట్టుకుంది. పట్టుకుని తల తిప్పింది, అటు, తర్వాత ఇటు. ఆవిడ చూపించిన మొహాలన్నీ గుర్తొచ్చాయి, గోడ పట్టుకుని బోర్డు వైపు చూసే మొహాలు, ఇంకా ఏమీ తెలియని ఆ ఒక్క క్షణం. ఆ క్షణాన్ని ఎంతసేపు సాగదియ్యొచ్చో అంతసేపు సాగదీసింది. ఆ పొద్దు పోయిన వైపు, ఎప్పుడూ ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరిగి వచ్చిన మనిషి, తోరణాలూ లెక్కలూ లేని నీళ్ళలో, వెల్లకిలా, ఈ ఒడ్డు వైపే చూస్తూ, ఎంతసేపటి కిందట వెళ్ళిపోయిందో. తన మొహం ఎంతదాకా కనిపించి ఉంటుందో. “అక్కా!” ఒడ్డు నుంచి లింబాద్రి గొంతు సన్నగా వచ్చింది. “ఉన్నదా అక్కా? మేడమ్ ఉన్నదా?” నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. “అక్కా, మాట్లాడు!”

మాట రాకపోయేసరికి అతను తాడు ఒకసారి లాగాడు.

దుర్గ చెయ్యి అలవాటు కొద్దీ తాడు మీదికి పోయింది. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే ఒడ్డుకు లాగేయమని. మూడో మాట ఏదీ మేడమూ తనూ అనుకోలేదు.